డర్బన్ టీచరమ్మ కోటు

నేను ఒక కోటును. బూడిద రంగు, రెండు గుండీలు, లోపల నల్ల అస్తరు. గుంటూరులో విదేశీ ఉద్యోగాల ఆఫీసు నడిపే జయచంద్ర పేరు వింటే ఇప్పటికీ నా కాలరు బిగుసుకుంటుంది. గొంతు కోసేటప్పుడు కూడా 'అమ్మా' అని పిలవడం ఆ మనిషికి బాగా వచ్చు.

నన్ను కుట్టింది పొన్నూరు టైలరు వీరరాఘవులు. ఏడో తరగతిలో బడి మానేసి మిషను ముందు కూర్చున్నవాడు. ఆయన చేతుల్లో తయారైనదాన్ని గనుక నా మాట కూడా గరుకే, సర్దుకోండి. ఆయన చెల్లెలు భ్రమరాంబ మాత్రం చదువుకుంది. ఊళ్ళో కాన్వెంటులో ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు టీచరు. భర్త పోయాక ఆ జీతం అద్దెకీ బియ్యానికీ చాలక, వియత్నాంలో ఇంగ్లీషు టీచర్లకు గిరాకీ ఉందని విని జయచంద్ర దగ్గరికి వెళ్ళింది.

"మీ ఇంగ్లీషుకేం వంక లేదమ్మా. వంకల్లా మన దేశానికే," అన్నాడు. అక్కడివాళ్ళకి ఇంగ్లీషు పుట్టుకతో వచ్చే దేశాలవాళ్ళే కావాలట. "దక్షిణాఫ్రికాలో డర్బన్ అని ఊరుంది, అక్కడ పుట్టానని చెప్పండి. మన తెలుగోళ్ళు అక్కడ తాతలనాటి నుంచీ ఉన్నారు. మొహం చూసి ఎవరూ కాదనరు."

"పాస్‌పోర్టు చూపించమంటే?"

"అక్కడ ఇంగ్లీషు నేర్పే సెంటరువాళ్ళకి నేను చెప్పుకుంటాగా. ఉద్యోగం చేసుకునే పర్మిటు వచ్చేదాకా టూరిస్టు వీసా మీద పాఠం చెప్పండి. భయం మాత్రం కనపడనీకండమ్మా."

అతను అడిగిన డబ్బు కట్టడానికి అన్నాచెల్లెళ్ళ ఉమ్మడి పొలం అమ్మేశారు. ఆ వారమే వీరరాఘవులు ఆమెకు కొలతలు తీశాడు.

"ఊపిరి బిగబట్టమాక అమ్మాయ్, కోటు బిగుసుద్ది."

"బిగబట్టట్లా అన్నయ్యా, రావట్లా."

"దొరసానివి అయిపోతన్నావుగా, ఆమాత్రం ఉంటదిలే."

కంప్యూటరు ముందు ఇంటర్వ్యూకి పైన నేను, కింద నేతచీర. నడుము కింద మనిషి పొన్నూరులోనే ఉంది, పైమనిషి డర్బన్‌లో పుట్టింది. ఉద్యోగం వచ్చింది.

వియత్నాంలో ఆమె గుండె నా ఎడమ జేబు కిందే కొట్టుకునేది. వీధిలో బండి ఆగితే చాలు, అస్తరంతా తడిసిపోయేది. పిల్లలకు ఆమె పాఠమంటే ప్రాణం. సాయంత్రం గేటు దాకా చేతులు పట్టుకుని వచ్చేవాళ్ళు. అయినా తెలుగు ఎవరి చెవిన పడుతుందోనని అన్నకు ఫోను చెయ్యాలంటే బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పుకునేది.

"వచ్చేస్తానన్నయ్యా. ఎవరొచ్చి పట్టుకుంటారోనని చచ్చిపోతన్నా."

"పర్మిటు వచ్చిందాకా ఓర్చుకో తల్లీ. వచ్చేసి ఏం తింటాం? పొలం కూడా లేకపోయె."

సెంటరు యజమానురాలు లాన్ అని, చురుకైన పిల్ల. ఆమె ముందే నేర్పింది: టీచర్ల పర్మిట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వస్తే లేవకూడదు, బల్ల మీద కూర్చుని కాలు ఊపుతూ 'హాయ్' అనాలి, తెల్ల టీచర్లు అంతే చేస్తారు. భ్రమరాంబ తన గదిలో మంచం అంచున కూర్చుని కాలు ఊపడం సాధన చేసింది. మనుషులు ఏమేమి నేర్చుకోవాల్సి వస్తుందో చూడండి.

ఒక ఉదయం వచ్చాడు ఇన్‌స్పెక్టరు. పక్క గదిలో తెల్ల టీచరు బల్ల మీదనుంచి చెయ్యి ఊపితే నవ్వి ఇవతలికి వచ్చాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే భ్రమరాంబకు లాన్ చెప్పింది ఒక్కటీ గుర్తులేదు. కాన్వెంటుకి విద్యాధికారి వచ్చినప్పుడు ఏం చేసేదో అదే చేసింది. దిగ్గున లేచింది. కుర్చీని నా చేతితోనే గబగబా తుడిచి ఆయన ముందుకు జరిపింది. కళ్ళతో సైగ చేసింది. పిల్లలంతా లేచి రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెప్పారు. తను బోర్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన కూర్చోలేదు. కుర్చీని చూశాడు, ఆమె చేతుల్ని చూశాడు. పక్క గదిలో అడగని పాస్‌పోర్టు ఇక్కడ అడిగాడు.

ఇంగ్లీషులో ఎక్కడా తప్పు దొరకని మనిషి ఆ ఒక్క మర్యాదతో దొరికిపోయింది. పోలీసు స్టేషనులో కూర్చోబెట్టినంతసేపూ నా గుండీని తిప్పుతూనే ఉంది, దారం తెగి చేతిలోకి వచ్చేదాకా. తరువాత విమానం ఎక్కించి పంపేశారు.

భ్రమరాంబ మళ్ళీ అదే కాన్వెంటులో చేరింది, కొత్తవాళ్ళకిచ్చే జీతానికి. నన్ను ఒంటి మీద వేసుకోదు. టైలరు కొట్లో మేకుకు వేలాడుతున్నాను. పక్క ఫోటో స్టూడియోవాడు పాస్‌పోర్టు ఫోటోల కోసం నన్ను తీసుకుపోతుంటాడు. ఎవరెవరో చేతులు దూరుస్తారు. చూస్తే అందరివీ ధైర్యమైన మొహాలే. లోపల కొట్టుకునేది నాకు తెలుస్తుంది, అప్పుడు నాకూ దడ మొదలవుతుంది. ఈ భయం ఎవరిని ఎక్కడ నిలబెడుతుందో అని.

మొన్న ఒకమ్మాయి నన్ను తిరిగివ్వడానికి వచ్చింది. ఆమె చదివింది ఇంగ్లీషు ఎమ్మే.

"ఏ దేశం తల్లీ?" అడిగాడు వీరరాఘవులు, తలెత్తకుండా.

"వియత్నామండీ బాబాయ్. గుంటూరులో జయచంద్రగారని..."

మిషను ఆగిపోయింది. 

"ఆయన తెలుసా మీకు?"

"తెలుసు. కాలవ పక్కన మాకు పొలం ఉండేది. ఎకరం పన్నెండు సెంట్లు."