నాలుగో అర్జీ

నేను ఒక ర్యాంపు చెక్కను. పుట్టింది పనసచెట్టుగా, ఎదిగింది కోనసీమలో ఒక కిరాణా కొట్టుకు తలుపు పలకలుగా. షావుకారు పొద్దున్నే పలకలు ఊడదీసి గోడకు ఆనించేవాడు, కొట్టు కట్టేసేటప్పుడు వరస తప్పకుండా మళ్లీ బిగించేవాడు. ఇనుప షట్టరు వచ్చాక మా పని అయిపోయింది. అప్పుడు తాయారు గారు మూడు పలకలు కొనుక్కుని, అడ్డబద్దలు కొట్టించి, నన్ను తయారుచేయించుకున్నారు. అన్నాళ్లూ మనుషుల్ని లోపలికి రాకుండా ఆపడమే నా ఉద్యోగం. ఆ రోజు నుంచి ఒక మనిషిని లోపలికి పంపడం మొదలుపెట్టాను.

తాయారు గారికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చక్రాల కుర్చీలో మండలాఫీసు ముందు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవారు. మెట్టు ఎదురైన ప్రతిచోటా నన్ను వేయించుకునేవారు. ఆవిడకు ఒక నియమం ఉండేది. వచ్చినవాళ్లు ఏం చెబితే అదే రాయాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు. చివరికి ఆ నియమమే కొంప ముంచింది.

కొబ్బరి దింపు తీసే పెద్దిరాజు చెట్టు మీంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. తాయారు గారు వాళ్లింటికే వెళ్లి, చక్రాల కుర్చీ ఇప్పించమని ఒక అర్జీ రాశారు. గడపకు ర్యాంపు కట్టించమని ఇంకొకటి. వీపు మీద పుళ్లకు కట్టు కట్టే నర్సును వారానికోసారైనా పంపమని మూడోది. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు పెద్దిరాజు గోడవైపు తిరిగి, "నన్ను చచ్చిపోనివ్వమని రాయండమ్మా" అన్నాడు. ఆవిడ కలం ఆగింది. గడప మీద పడి ఉన్న నేను, అడగండమ్మా, ఎందుకని అడగండి అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ అడగలేదు. నియమం ప్రకారం గుండ్రటి అక్షరాలతో రాసేశారు.

దానికి మాత్రం పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. బాగుపడని రోగులు, వికలాంగులు కోరుకుంటే డాక్టర్లే మందిచ్చి ప్రాణం పోగొట్టే చట్టం తేవాలా వద్దా అని ఒక కమిటీ వేశారట. ఆ చట్టం కావాలనడానికి పెద్దిరాజు అర్జీనే సాక్ష్యమట. ఆ రోజు తాయారు గారు అన్నం ముట్టలేదు.

కమిటీ మేడ మీద హాల్లో కూర్చుంది. ఇరవై రెండు మెట్లు. నేను సరిపోయేది మూడింటికి. వికలాంగుల చావు గురించి మాట్లాడుకోవడానికి వికలాంగులు ఎక్కలేని మేడ వెతికి పట్టుకున్నారు మహానుభావులు. బంట్రోతు మర్యాదగానే, చెప్పదలుచుకున్నది కాగితం మీద రాసిస్తే పైకి పంపిస్తానన్నాడు. అప్పటికే పైనుంచి మైకులో ఆవిడ రాసిన వాక్యాలు వినబడుతున్నాయి. చదివేవాడు కామా దగ్గర కూడా ఆగి శ్రద్ధగా చదువుతున్నాడు. ఎవరో అయ్యో పాపం అన్నారు. తాయారు గారు రెండు చేతులతో చెవులు మూసుకుని ఏడ్చారు.

భోజనాల వేళకు కమిటీ పెద్దాయన దిగేసరికి, ఆవిడ కింది మెట్ల మీద నన్ను వేయించుకుని, కుర్చీ బ్రేకు బిగించి, దారికి అడ్డంగా కూర్చున్నారు. మొదటి మూడు అర్జీల నకళ్లు ఆయన చేతిలో పెట్టారు.

"బతకడానికి మూడుసార్లు అడిగాడండి. ఒక్కరూ పలకలేదు. చస్తానని ఒక్కసారి అంటే ఇంతమంది వచ్చి కూర్చున్నారు."

ఆయన చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తుడుచుకుని మూడూ చదివాడు. ఇవి మా పరిధిలోకి రావమ్మా అని చెప్పి, నా పక్కనుంచి ఒదిగి దిగి, భోజనానికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆవిడ నన్ను తీసుకెళ్లి పెద్దిరాజు గడపకు వేయించి, వదిలేసి వచ్చారు. పెద్దిరాజు తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీకి పాత సైకిలు చక్రాలు బిగించాడు. మంచాన పడ్డ ఏడాదికి పెద్దిరాజు నా మీదుగా వీధిలోకి వచ్చి, కొబ్బరిచెట్ల తలల వైపు చాలాసేపు చూశాడు. అక్కడ తాయారు గారిని మాత్రం ఇప్పుడు పక్కింటివాళ్లు బియ్యం బస్తాలా ఎత్తి మెట్లు దించుతున్నారట. చెక్కను ఒక్కదాన్ని, గడపలు రెండు. నేనేం చేయను?

నిన్న కమిటీ నుంచి పెద్దిరాజుకు ఇంకో ఉత్తరం వచ్చింది. మీ కోరికకు ఇంకా కట్టుబడి ఉన్నారా అని. తాయారు గారు నా మీదుగానే లోపలికి వచ్చారు. కాగితం తీశారు గానీ కలం తియ్యలేదు.

"ఈసారి ముందు నేను అడుగుతాను బాబూ. నీకు చావాలని ఉందా, ఇలా పడి ఉండలేకపోతున్నావా?"

పెద్దిరాజు ఈసారి గోడవైపు తిరగలేదు. "పుళ్లు మండుతున్నాయమ్మా. తమ్ముడి మొహం చూడలేకపోతున్నాను. మిగతాది నాకు తెలీదు" అన్నాడు. ఆవిడ చేతిలో కాగితం చూసి, "ముందు ఆ మూడింటికీ జవాబు చెప్పమని రాయండి. నాలుగోది తర్వాత ఆలోచిస్తాను" అన్నాడు.

ఆవిడ అలాగే రాశారు. అడుగున మాత్రం, జీవితంలో మొదటిసారి, సొంత మాట ఒకటి కలిపి పైకి చదివారు. "జవాబు కోసం బతికి ఎదురుచూస్తున్నాము."

ఆవిడ దిగి వెళ్తుంటే నా నడిమి పలక సన్నగా చిట్లింది. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. జవాబు వచ్చేదాకా ఎలాగైనా విరక్కుండా ఉండాలని చూస్తున్నాను.