అన్నానికి పిలిచిన పేరు

శుక్రవారం పొద్దున్న లేచేసరికి సలోమి కళ్ళు నల్లగా ఉన్నాయి. నిన్నటిదాకా అవి పిల్లికళ్ళు, వెండిల వారి ఇంటి కళ్ళు, వాన పడబోయే ముందు ఆకాశం రంగు. ఇవాళ ఊళ్ళో అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్ల మంచం మీద లేచి కూచుని, తండ్రిని తేరిపార చూసి, ఎంతో మర్యాదగా అడుగుతుంది.

"మీరెవరండీ?"

జక్కరయ్య టైలరు. కూతురి నోట 'అండీ' వినడం ఇదే మొదటిసారి. నవ్వి, చక్కిలిగింత పెట్టబోతాడు. పిల్ల దుప్పటి గడ్డం దాకా లాక్కుని తల్లి చాటుకి పోతుంది. తల్లిని మాత్రం బాగానే గుర్తుపట్టింది. గోడ మీద తాతగారి ఫొటో చూపించి, ఈ ముసలాయన మన ఇంట్లో ఎందుకున్నాడమ్మా అంటుంది. తండ్రి వైపు మొహం ఒక్కటీ ఆ నల్లకళ్ళకి తెలియదు.

కుట్టుమిషను సూది కింద ఒక చీటీ బిగించి ఉంది. రేవు ఆఫీసు వాళ్ళది. 'ఈ ఇంట్లో వాడుకలో ఉన్న బూడిదరంగు కళ్ళు మా రేవులో దిగిన ఒక ప్రయాణికుడివి. ఆయన పేరు మా పుస్తకంలో చూపించి తీసుకెళ్ళగలరు. మధ్యాహ్నం ఓడ మూడో కూత వేసేలోపు రాకపోతే కళ్ళు ఓడ ఎక్కుతాయి.'

దోర్కమ్మ చీటీ రెండుసార్లు చదువుతుంది. భర్త ముత్తాత జర్మనీ నుంచి వచ్చాడన్న కథ ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ విని విని విసిగిపోయింది. అయినా ఇవాళ ఒక్క మాట ఎత్తిపొడవదు.

"ఆయన కోటు పట్టుకెళ్ళండి," అంటుంది. "నేను దీనికి జడ వేస్తూ, మీ గురించి చెప్తూ ఉంటాను."

ఆ కథ ఏమిటంటే, ఎప్పుడో ఒక తెల్లకుర్రాడు కోటు చంకన పెట్టుకుని ఈ రేవులో దిగాడు, మళ్ళీ ఓడ ఎక్కలేదు. పేరు వెండిల రాము. తెల్లవాడికి రాము ఏమిటని ఎవరైనా అడిగితే తాతగారికి ఒళ్ళు మండేది. ఈ ఊరి మీద ప్రేమకొద్దీ పెట్టుకున్నాడురా అనేవాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో పెద్దకొడుకు ప్రతివాడూ రామే. జక్కరయ్య రెండోవాడు కాబట్టి తప్పించుకున్నాడు. ఇంటిపేరు వెండిల కాబట్టి వాళ్ళు జర్మనీలో వెండిపని చేసేవాళ్ళని కూడా తాతగారే తేల్చేశాడు. ఆయన తేల్చాక కాదనేవాడెవడు?

ఆ ఇంట్లో ఇంకో రెండు వింతలున్నాయి. ఎవరైనా తుమ్మితే ఊరంతా చిరంజీవ అంటుంది, వీళ్ళు 'సుందాయిటు' అంటారు. గుమ్మం దాటేటప్పుడు ఎవరూ పిలవకపోయినా ఠక్కున వెనక్కి తిరుగుతారు. ఎందుకంటే ఎవరికీ తెలియదు.

రేవుకి దారి అరమైలు. ఇవాళ అది పెరుగుతోంది. దాటొచ్చిన కిళ్ళీకొట్టు మళ్ళీ ముందుకొస్తుంది. జక్కరయ్య మెడలో టేపు తీసి కొలుస్తాడు. అడుగుకి నాలుగంగుళాలు సాగుతోంది. గుడ్డ ఎక్కువైతే ఏం చెయ్యాలో అతనికి ఒకరు చెప్పాలా? వంగి, వీధిని రెండు చేతులా ఎత్తి కుచ్చు పట్టి, గుండుసూది గుచ్చుతాడు. కుచ్చు మీంచి ఒక్క అడుగు వేస్తే రేవు ఆఫీసు గుమ్మం. అప్పుడే మొదటి కూత వినిపిస్తుంది.

గుమాస్తా లవంగం నములుతూ కూచున్నాడు. బల్ల మీద ఊరగాయ జాడీ, దానికి వాసెన కట్టిన గుడ్డ. గుడ్డ పలచన. దాని వెనకనుంచి రెండు కళ్ళు జక్కరయ్యని చూసి రెప్పలార్పుతాయి. అవి తనని గుర్తుపట్టాయని అతనికి తెలుస్తుంది.

పేరు వెండిల రాము అని చెప్తాడు. గుమాస్తా పుస్తకంలో 'వ' తీసి, వేలితో కిందిదాకా వెళ్ళి, తల అడ్డంగా ఊపుతాడు. ఈ రేవులో ఇంటిపేరుతోనే వెతుకుతారట. వెండిల వారు ఎవరూ దిగలేదట.

"ఆయన దిగకపోతే నేనెక్కణ్ణుంచి వచ్చానండీ?"

"దానికి రుజువు కాగితం మీరే తెచ్చుకోవాలి."

గుమాస్తా వెనక కిటికీ ఉంది. కిటికీలో సముద్రం ఉండాల్సిన చోట జక్కరయ్య ఇంటి అరుగు కనిపిస్తుంది. సలోమి సగం వేసిన జడతో బయటికొచ్చి, ఎవరివో చెప్పులు ఉండిపోయాయని, అతని జోళ్ళు తీసి మెట్టు కింద పెడుతుంది. పెంపకం అలాంటిది, పక్కపక్కనే సర్ది మరీ పెడుతుంది.

వేరే పుస్తకాలేవీ లేవా అని జక్కరయ్య గుమాస్తాని బతిమాలుతాడు. తుమ్ముల పుస్తకం ఉందంటాడు గుమాస్తా. దాన్ని తెచ్చి, మధ్యకి విప్పి, చిటికెడు నశ్యం ఇస్తాడు. జక్కరయ్య తుమ్ముతాడు. పుస్తకం తనంతట తనే 'సుందాయిటు' అంటుంది. గుమాస్తా ఆ చోట చదువుతాడు. ఓడ మెట్లు దిగుతూ ఒకడు తుమ్మాడట, వెనకున్నవాళ్ళు వాళ్ళ భాషలో దీవించారట.

"జర్మనీవాడే," అంటాడు గుమాస్తా. "కానీ తుమ్ముకి ఇంటిపేరు ఉండదు కదండీ."

రెండో కూత. కిటికీలో సలోమి అతని కళ్ళజోడు, టేపుచుట్టలు, తాతగారి ఫొటో తెచ్చి జోళ్ళ పక్కన పేరుస్తోంది. వెనకాలే దోర్కమ్మ ఒక్కొక్కటే లోపలికి తీసుకెళ్తోంది. పిల్ల మళ్ళీ తెస్తోంది.

జక్కరయ్య కోటు బల్ల మీద పరుస్తాడు. కాలరు మడతలో ఎర్రదారంతో అక్షరాలున్నాయి, చాకిరేవులో బట్టలు కలిసిపోకుండా వేసుకునే గుర్తులాంటివి. కూడబలుక్కుని చదువుతాడు. వెండెల్ రామ్. ఇదిగో చూడండి, వెండిల రామే కదా అంటాడు. చూశాను, 'వ'లో లేడు అంటాడు గుమాస్తా.

అప్పుడు జక్కరయ్యకి నిజంగానే కోపం వస్తుంది. ముత్తాత మీద, తాత మీద, ఈ లవంగాల మనిషి మీద. కోటు విసురుగా లాగుతాడు. చెయ్యి జేబులోకి జారుతుంది. తాతగారు ఎన్నడూ ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వని జేబు అది. మణికట్టు దాకా వెళ్తుంది, మోచెయ్యి దాకా వెళ్తుంది, భుజం ఆనినా అడుగు తగలదు. లోపల వెచ్చగా ఉంది. కట్టెల పొగ, కాగిన పాల వాసన. చెయ్యి తీసి చెవి ఆనిస్తాడు.

దూరంగా ఒక ఆడమనిషి పిలుస్తోంది. "వెండెల్!" కాస్త ఆగి, ఈసారి చిరాగ్గా, "వెండెల్!"

పిలవగానే జక్కరయ్య ఠక్కున వెనక్కి తిరుగుతాడు. జన్మంతా గుమ్మాల్లో తిరిగినట్టే.

ఆ భాష అతనికి రాదు. కానీ ఆ పిలుపు తెలుసు. వడ్డించి చాలాసేపయింది, పిల్లవాడు ఆటలో పడి రావడం లేదు. దోర్కమ్మ సలోమిని రోజూ అచ్చం ఇలాగే పిలుస్తుంది.

"ఏమండీ," అంటాడు గుమాస్తాతో. "ఏ తల్లయినా కన్నకొడుకుని అన్నానికి ఇంటిపేరు పెట్టి పిలుస్తుందా?"

గుమాస్తా నమలడం ఆపుతాడు. "పిలవదు."

"అయితే వెండెల్ ఆయన పేరు. రామ్ ఇంటిపేరు. వాళ్ళు పేరు ముందు చెప్పుకుంటారు. మా ఊరివాళ్ళు ముందు చెప్పిందే ఇంటిపేరనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం."

గుమాస్తా 'ర' తీస్తాడు. రామ్ వెండెల్, వయసు ఇరవై రెండు, చేతిలో ఒక కోటు, కళ్ళు బూడిదరంగు. రామ్ అంటే వాళ్ళ భాషలో మీగడట. జాడీ ముందుకు తోస్తాడు గానీ గుడ్డ మీంచి చెయ్యి తియ్యడు.

"ఇన్నాళ్ళూ మీ ఇంటిల్లిపాదీ వాడుకున్నది ఆయన సొంత పేరు. వాళ్ళమ్మ పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా మీరు తిరుగుతున్నారు, ఆయనకి పలకడానికి పేరు లేదు. కళ్ళు కావాలంటే పేరు వదలండి."

వెండిల టైలర్స్ అన్న బోర్డు జక్కరయ్య తన చేత్తో రాసుకున్నది. అది పోయినా ఏడవడు. కానీ చచ్చిపోయిన అన్నయ్య సమాధి మీద ఉన్నది ఆ రెండు మాటలే, వెండిల రాము. అందులో మొదటిది చెరిపెయ్యడానికి ప్రాణం ఒప్పదు. కిటికీలో సలోమి కుట్టుమిషను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. అది దాటితే ఆ ఇంట్లో అతనిదంటూ ఏదీ మిగలదు. దోర్కమ్మ ఇంక ఆపడం లేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"తీసుకోండి," అంటాడు జక్కరయ్య.

కుట్టు విప్పినట్టు పేరు అతని నోట్లోంచి దారంలా వస్తుంది. గుమాస్తా దాన్ని ఉండగా చుట్టి, కళ్ళకి బదులు ఓడ ఎక్కిస్తాడు. ఏమీ నొప్పి ఉండదు, నోరు మాత్రం తేలికవుతుంది. జాడీ గుండెకి అదుముకుని జక్కరయ్య పరిగెడతాడు. మూడో కూత మొదలయింది. వీధి కుచ్చు ఇంకా నిలిచే ఉంది. ఒక్క అంగలో దాటి ఇంటి గుమ్మం మీద పడతాడు.

సలోమి జాడీ గుడ్డ తనే విప్పి, మొహం కడుక్కున్నట్టు రెండు దోసిళ్ళు మొహానికి తీసుకుంటుంది. తలెత్తేసరికి వాన రంగు కళ్ళు.

"నాన్నా, మిషను ఇక్కడెందుకు పెట్టావు? తట్టుకుని పడతాం."

జక్కరయ్య ఆ మిషను మీదే తల వాల్చి భోరున ఏడుస్తాడు.

దోర్కమ్మ కోటు మేకుకి తగిలించి, కంచాలు పెడుతుంది. ముగ్గురూ కూచుంటారు. కోటు జేబులోంచి ఆ తల్లి పిలుస్తుంది. "వెండెల్!" జక్కరయ్య తిరగడు. సలోమి తిరగదు. సముద్రం మీద ఓడ తిరుగుతుంది.

నీళ్ళు దిగి, ఒడ్డెక్కి, కరెంటు తీగలు తగలకుండా ఒదిగి వీధిలో నడిచొస్తుంది. గుమ్మం ముందు ఆగుతుంది. సలోమి చెంబుతో నీళ్ళిస్తుంది. ఓడ కాళ్ళు కడుక్కుని, తెరచాప కొసతో తుడుచుకుని, స్తంభం వంచి లోపలికొచ్చి, జక్కరయ్య పక్కన పీట మీద బాసింపట్టు వేసుకుని కూచుంటుంది. దోర్కమ్మ నాలుగో కంచం పెట్టి, అన్నం వడ్డించి, పాలగిన్నెలో మీగడంతా అందులోనే వేస్తుంది.

ఓడ కదలదు. దాని కళ్ళు ఈ ఇంట్లోనే ఉండిపోయాయి కదా, కంచం ఎక్కడుందో దానికి తెలియదు. సలోమి దగ్గరగా జరిగి, తడిగా ఉన్న దాని చెయ్యి పట్టుకుని, అన్నం మీద పెడుతుంది.