పిచ్చితుమ్మ ఆకు

కచ్‌లోని బన్నీ బీళ్లలో ఈసారి వానకు కొదవలేదు. అయినా సుమార్ మడిలో గడ్డి లేవలేదు. మొలకలు గోరంత లేచి, పసుపుబారి, పడిపోయాయి. ఒకటి పీకి చూశాడు. వేరు కొస నల్లగా మాడి ఉంది. రెండోది పీకే ఓపిక లేకపోయింది.

వేసవంతా ఒళ్లు హూనం చేసుకుని ఆ మడిలో పిచ్చితుమ్మ కొట్టాడు. మేత బీళ్లను మింగేసిన చెట్టది. దాని కింద గడ్డి మొలవదని పసిపిల్లకైనా తెలుసు. నీడ వల్లేనని అందరూ అనుకుంటారు. సుమార్ కూడా అలాగే అనుకుని చెట్టు తీసేశాడు, రాలిన ఆకు ఉంచేశాడు. అది చాలదని పక్క పొదల కింది ఆకు కూడా గంపలకెత్తి తెచ్చి, చల్లిన గడ్డి విత్తనానికి ఎండ తగలకుండా దుప్పటి కప్పినట్టు పరిచాడు. అంత ముద్దు ఆ విత్తనమంటే! ఈ వానకు మేత రాకపోతే గేదెలను అన్నకు అప్పజెప్పి, తను బొగ్గు బట్టీకి పోవాలని ఇంట్లో మాటైపోయింది మరి.

మాట ప్రకారం అన్న హాసమ్ గేదెల కోసం వచ్చాడు.

"ఏరా, గడ్డి పెంచమంటే గడ్డం పెంచావా?"

సుమార్‌కు నవ్వు రాలేదు. మడిలోంచి భార్య హుర్బాయి కేకేసింది. "ఏమయ్యా, ఇటొచ్చి చూడు."

మడి మధ్యలో చాపంత మేర గడ్డి జానెడు లేచి ఉంది.

"నువ్వు నమాజు చేసుకున్న చోటు కదూ?" అంది.

"అల్లా విన్నాడ్రా," అన్నాడు హాసమ్. "కాకపోతే చాప దాటి వినలేదు."

"మధ్యలో అల్లా ఎందుకు బావగారూ?" హుర్బాయి విసుక్కుంది. "ముళ్లు గుచ్చుకుంటాయని మీ తమ్ముడు రోజూ ఇక్కడ ఆకు ఊడ్చేవాడు. ఊడ్చినచోటే గడ్డి వచ్చింది. విషం ఆ ఆకులోనే ఉంది. వానకు నాని నేలలోకి దిగింది."

సుమార్ కాలితో ఆకు కెలికాడు. "నా నెత్తిన పెట్టుకుని నేనే మోసుకొచ్చానే. గంపలు గంపలు."

అతని మీద అతనికే అసహ్యం వేసింది. హాసమ్ తోలుకుపోదామని కంచె తీసి బయటి గేదెలను కేకేశాడు. అన్నిటికంటే ముందు చూడి గేదె లోపలికొచ్చి, వాసన పట్టి, ఆ కాస్త పచ్చిక వైపు నడిచింది. హుర్బాయి చేతులు చాచి అడ్డం నిలబడింది.

"ఇది మనకు విత్తనమవుతుందయ్యా! అదిలించు దాన్ని!"

"గేదెలే ఉండవు, విత్తనమెందుకే?" అన్నాడు సుమార్. "తిననీ. పోయేముందు ఒక్కపూట నేను పెంచిన మేత తిననీ."

హుర్బాయి చేతులు దించి పక్కకు తప్పుకుంది.