నా పేరు మీది ఇటుకలు

"ఒక్క సంతకమే కదా, పోయి పెట్టేసి రా" అన్నాడు మా ఆయన దివాకర్, చెప్పులు వేసుకుంటూ.

నేనప్పుడు కిటికీ చువ్వలు తుడుస్తున్నాను. తాడిపత్రిలో మాది బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. దాని వెనకే ఇల్లు. కోత నీళ్లతో కలిసి రాతిపొడి బురదలా బయటికి పారుతుంది. ఎండాక గాలికి లేచి మా మంచాల మీద, దేవుడి పటాల మీద, మూత పెట్టిన చారుగిన్నె మీద కూర్చుంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నా ఉద్యోగం ఆ పొడిని తుడవడమే. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ మొదలు. మా అత్త యశోదమ్మ కుర్చీ చేతి మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని నా కళ్ల ముందు పెట్టేది. మాట అనేది కాదు. మాట అంటే కనీసం బదులు చెప్పొచ్చు, వేలికి ఏం బదులు చెబుతాం?

అనంతపురంలో పరిశ్రమల శాఖ వాళ్లు మీటింగ్ పెట్టారట. పారేసే వాటితో సరుకు తయారు చేసేవాళ్లకు ప్రభుత్వం రాయితీ ఇస్తుందట, ఆడవాళ్ల పేరు మీద పెడితే ఇంకాస్త ఎక్కువట. ఎవరో చెబితే విని దివాకర్ నా పేరు రాయించాడు. ఏం తయారు చేస్తామో మాత్రం నాకు చెప్పలేదు.

"ఆడ నేనేం మాట్లాడాల?" అని అడిగాను.

"నువ్వేం మాట్లాడద్దు. పెట్టమన్న చోట సంతకం పెట్టు, టీ ఇస్తే తాగు, బస్సెక్కు."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒంటరిగా అంత దూరం పోవడం నాకదే మొదటిసారి. వాన లేక వేరుశనగ చేలు మాడిపోయి ఉన్నాయి. దారిలో ఒక చెరువు ఎండిపోయి కనిపించింది. దాని కడుపులో లారీలు దిగి ఇటుకల బట్టీలకు మట్టి ఎత్తుకుపోతున్నాయి. నీళ్లెటూ లేవు, మట్టి కూడా పోతే రేపు వాన వచ్చినా ఈ చెరువేం చేస్తుంది అనుకున్నాను. అనుకుని, ఇంట్లో పప్పు నానబెట్టానో లేదో అన్న ఆలోచనలో పడిపోయాను. నా ఆలోచనలు ఎప్పుడూ అంతే, ఎంత దూరం పోయినా చివరికి వంటింటి గడప దగ్గరికే వచ్చి చేరేవి.

మీటింగులో ఆడవాళ్లకు వేరే వరుస వేశారు. పక్కన కూర్చున్నామె నా చెవిలో, "మీ ఆయన ఏం ఫ్యాక్టరీ పెడతాడంట?" అని అడిగింది.

"తెలీదు."

"నాకూ తెలీదు" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక ఇద్దరికీ ఎందుకో సిగ్గేసింది.

లింగన్న అని ఒక ఆఫీసరు లేచి, సంచిలోంచి బూడిద రంగు ఇటుక తీసి బల్ల మీద పెట్టాడు. థర్మల్ స్టేషన్లలో బొగ్గు కాల్చిన బూడిద కొండలుగా పేరుకుపోతోందని, దాన్ని ఇటుకలు చేసేవాళ్లకు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వం చెప్పిందని, దగ్గర్లో కట్టే కట్టడాలకు ఆ ఇటుకలే వాడాలని కూడా చెప్పిందని వివరించాడు. "మనం చెరువు మట్టి తవ్వి, కట్టెలు తెచ్చి, కాల్చి ఇటుకలు చేస్తాండాం. ఈ ఇటుకకు మట్టి లేదు, మంట లేదు. బూడిద, సున్నం, జిప్సం, ఇసుక. తడిపితే చాలు, గట్టిపడతాది. పారేసేదాన్ని పనికి తెచ్చేవాళ్లకు తోడుండమని మాకు పైనుంచి చెప్పినారు" అన్నాడు.

ఆ ఇటుకను వరుసలో అందరికీ ఇచ్చారు. నా చేతికి వచ్చినప్పుడు దాని మీద వేలితో రుద్దాను. నా వేలికి అంటిన బూడిద, రోజూ మా అత్త వేలి మీద చూసే రంగే. చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.

"సార్, ఇసుక బదులు మా పాలిష్ బండల పొడి కలపొచ్చా?"

హాలంతా నా వైపు తిరిగింది. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. కాస్త ఆలోచించాడు.

"మంచి మాట అడిగినారమ్మా. కలపొచ్చు గానీ, ఏది ఏ పాళ్లలో అనేది చేసి చూస్తేనే తెలిసేది. మీరు చేసి, ఇటుక నాకు తెచ్చివ్వండి. పరీక్షకు నేను పంపిస్తా."

మీరు చేసి, అన్నాడు. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. రోడ్డు పక్క ఫ్యాక్టరీలు పారబోసిన బూడిద రంగు గుట్టలన్నీ నాకు ఇటుకలుగా, ఇటుకలన్నీ గోడలుగా కనిపించాయి. పప్పు సంగతి ఆ సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

"పెట్టినావా సంతకం?" అన్నాడు దివాకర్.

"పెట్టినా."

"సరే, ఇంక నీ పని అయిపోయింది."

అప్పుడే మొదలైందని ఆయనకు తెలియదు. నమూనాకని ఆఫీసు నుంచి బూడిద, సున్నం, జిప్సం మూటలు రాగానే నేను పెరట్లో మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో బండలు మోసే కదిరమ్మ పని దిగాక నా దగ్గరికి వచ్చేది. ఇద్దరం పాత చాటలో కలిపి చెక్క అచ్చులో దట్టించేవాళ్లం. మొదటివి అచ్చు తీయగానే రాలిపోయాయి. తర్వాతవి ఎండకు పగిలిపోయాయి. బండల పొడి ఎక్కువైతే తడి నిలవదు. జిప్సం ఎక్కువైతే కలుపుతుండగానే గట్టిపడిపోతుంది. దోసెల పిండి, వడల పిండి తేడా తెలిసిన చేతులు కాబట్టి, తప్పు ఎక్కడుందో చేతికి ముందు తెలిసేది, మనసుకు తర్వాత. తడపడానికి నీళ్లు లేవు. బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల గది నీళ్లు బిందెల్లో పట్టి, గోనెసంచులు తడిపి ఇటుకల మీద కప్పేదాన్ని.

"వంట చేసే కోడలు కావాలని తెచ్చుకుంటే, ఈయమ్మ మట్టి పిసుక్కుంటాంది" అని అత్త వీధి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పేది.

"మట్టి కాదత్తా, బూడిద" అన్నాను ఒకసారి. నాకే ఆశ్చర్యమేసింది, బదులు చెప్పినందుకు.

ఒక ఆదివారం కదిరమ్మ ఒక ఇటుకను నడుము ఎత్తు నుంచి బండ మీద వదిలింది. టంగుమంది. పగల్లేదు. ఇంకొంచెం ఎత్తు నుంచి వదిలింది. పగల్లేదు. "అక్కా, ఇది ఇనుమే!" అని అరిచింది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గిరగిరా తిరిగాం. నాకు అంత నవ్వు ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. నవ్వుతున్నానని సంతోషం, సంతోషంగా ఉన్నానని మళ్లీ నవ్వు.

నేనే బస్సెక్కి పోయి లింగన్న గారికి ఇటుకలిచ్చి వచ్చాను. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేస్తే దివాకర్ ఎత్తాడు. "నాకు చెప్పండి సార్, ఆయమ్మ వంటలో ఉండాది" అనడం వంటింట్లోంచి విన్నాను. ఫోన్ పెట్టేసి, హాల్లో కూర్చున్న స్నేహితులతో, "మనం చేసిన ఇటుక పరీక్షలో పాసైందప్పా!" అన్నాడు. మనం అన్న ఆ మాటలో నేను ఏ మూల ఉన్నానా అని వెతుక్కున్నాను. కనపడలేదు. అయినా తాలింపు వేస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. పాసైంది! నా చేతిలో కలిసిన పాళ్లు, ఎక్కడో తెలియని ఊళ్లో యంత్రం కింద నలగకుండా నిలబడ్డాయి.

యూనిట్ పెట్టారు. యంత్రం వచ్చింది. గేటుకు బోర్డు కట్టారు, కింద 'యజమాని: శ్రీమతి హేమ' అని. బోర్డు కట్టిన రోజు దివాకర్ స్నేహితుల ముందు, "ఓనరమ్మా, టీలు తీసుకురా" అన్నాడు. అందరూ నవ్వారు. టీలు తీసుకెళ్లాను. కప్పులు కడుగుతూ ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను. వాళ్లు నవ్వింది నన్ను చూసి కాదు, ఆ బోర్డు మీది మాట నిజమై ఉంటుందన్న ఊహను చూసి. అంత నవ్వొచ్చే ఊహా అది?

రోజూ ఇంటి పని ముగించుకుని యూనిట్‌కు పోయేదాన్ని. మిశ్రమం కలిపే చోట నిలబడి ముద్ద చేతిలోకి తీసుకుని చూసేదాన్ని. "ఈడ నీకేం పని, దుమ్ము" అనేవాడు దివాకర్. ఇన్నేళ్లూ ఇంట్లో మింగిన దుమ్ము ఆయనకు దుమ్ముగా కనపడలేదు.

ప్రభుత్వ బడికి కొత్త గదులు కడుతుంటే, బూడిద ఇటుకలే వాడాలని చెప్పి మొదటి ఆర్డరు మాకు ఇచ్చారు. అదే సమయానికి అత్తకు జ్వరం వచ్చింది. ఆమెను చూసుకుంటూ వారం పైన నేను యూనిట్ వైపు పోలేకపోయాను. జ్వరం తగ్గిన రోజు పొద్దున్నే పోయేసరికి లారీకి సగం ఇటుకలు ఎత్తేశారు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అంచు పిండిలా రాలింది. ఇంకొకటి తీశాను. అదీ అంతే.

"మారెప్పా, ఏమైంది వీటికి?" అని మేస్త్రీని అడిగాను.

అతను తల వంచుకున్నాడు. "సున్నం తగ్గించమన్న్యాడమ్మా అన్న. పైన సిమెంటు పూత పడేదే కదా, ఎవురు చూస్తారు అన్న్యాడు."

నాకు బడి గోడ కనిపించింది. దానికి ఆనుకుని కూర్చున్న పిల్లల వీపులు కనిపించాయి.

"దించండి" అన్నాను.

"అమ్మా, అన్నకు చెప్పకుండా..."

"చెప్పు. చెప్పే లోపల దించండి."

కదిరమ్మ అప్పటికే లారీ ఎక్కి మొదటి ఇటుక కిందికి అందించింది.

దివాకర్ బండి మీద దూసుకొచ్చాడు. "ఏమే, తల తిరిగిందా నీకు? ఎవురు దించమన్న్యారు?"

"నేను."

"పనోళ్ల ముందర నా మర్యాద తీస్తాండావా? రాయితీ కోసం నీ పేరు పెడితే, నిజంగానే ఓనరు అనుకుంటాండావా?"

ఇన్నేళ్లలో ఆయన గొంతు లేస్తే నా గొంతు ఆగిపోయేది. ఆ రోజు ఆగలేదు. భయం ఉంది. కానీ దానికంటే పెద్దది ఏదో ఛాతీలో ఎగసిపడుతోంది. బస్సులో కూర్చోనివ్వని ఆనాటి ఉత్సాహం లాంటిదే, దానికంటే బరువైనది.

"సరుకు బయటికి పోవాలంటే నా సంతకం కావాల. ఈ ఇటుకలకు నేను పెట్టను" అన్నాను.

"నేను పెడతా నీ సంతకం."

"పెట్టండి. లింగన్న సారు అడిగితే, అది నాది కాదని చెప్తా."

ఆయన మారెప్ప వైపు చూశాడు. మారెప్ప లారీ వైపు చూశాడు. లారీలోంచి ఇటుకలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. చివరికి దివాకర్ గొంతు తగ్గించి, "మరి బడోళ్లకు ఏం చెప్పాల?" అన్నాడు.

"కొంచెం ఆలస్యమైతాదని చెప్పండి. వీటిని నలగ్గొట్టి మళ్లీ కలుపుతాం. పారేసేదాన్ని పనికి తెచ్చే దానికే కదా ఈ ఫ్యాక్టరీ."

మారెప్ప ముసిముసిగా నవ్వాడు. నేను కొంగు నడుముకు దోపుకున్నాను. "కదిరమ్మా, సున్నం మూట విప్పు. ఈ పొద్దు పాళ్లు మనమే చూద్దాం." యంత్రం తిరగడం మొదలైంది. ముద్ద చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా, సరిగ్గా, అచ్చులోకి పోవడానికి తొందరపడుతున్నట్టుగా ఉంది. పాట పాడాలనిపించింది.

దివాకర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన గేటు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"మరి ఇంట్లో మజ్జానానికి అన్నం?"

నేను ముద్దలోంచి తల ఎత్తలేదు.

"బియ్యం డబ్బాలో ఉండాయి, ఎసరు పెట్టుకోండి. ఈడ పనిలో ఉండేవాళ్లం నలుగురం, మాకు గూడా వండి పంపండి."