చుట్టూ కుట్టిన బూట్లు

కోతల రోజుల్లో మా ఊరి బాస్కెట్‌బాల్ కోర్టులో సగం మేర వడ్లు ఆరబోస్తారు. మిగిలిన సగంలో వారమంతా నా కొత్త బూట్లతో ఆడాను. సంతలో కొన్న చవక రకం. వేళ్ల దగ్గర కాస్త బిగుతు, అంతే. సిమెంటు మీద అంత దుమ్మున్నా ఆగమన్నచోట ఆగాయి. ఎగిరి దిగితే మడమకి దెబ్బ తెలియలేదు. చటుక్కున పక్కకి తిరిగినా చీలమండ మెలిక పడలేదు.

శనివారం పట్నం స్కూలు జట్టుకి ఎంపిక. ఒక్కటే ఖాళీ. అది దొరికితే హాస్టలూ తిండీ వాళ్లవే, పై చదువూ అక్కడే. మా ఊళ్లో బడి పదితో సరి.

శుక్రవారం ఇంటికొచ్చేసరికి బూట్లు కనబడలేదు. చెప్పులు కుట్టే టినోయ్ తాతకి ఆవేళే తీరిక దొరికిందట. నాన్న వాటిని చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. కొత్త బూట్లకి సోలు చుట్టూ కుట్టు వేయించకపోతే మా దీవుల్లో ఎవరికీ నిద్రపట్టదు.

"చూడు చిన్నీ, రెండు వరసలు! వల అల్లే నైలాన్ దారం. ఇక ఊడమన్నా ఊడదు."

"బాగానే ఉన్నాయిగా నాన్నా..."

"ఏం బాగు? మీ అన్న బూటు ఫైనల్లో నోరు తెరిచిందా లేదా? వాణ్ణి ఊరంతా ఇంకా మొసలి అనే పిలుస్తోంది!"

అమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

పట్నం కోర్టు చెక్క నేల. మొహం కనబడేంత నున్నగా ఉంది. దానికి రబ్బరు తగిలేలోపే సోలు అడుగున ఉబ్బిన కుట్టుదారం తగులుతోంది. మొదటి పరుగులోనే జారాను. తడిగుడ్డతో సోళ్లు తుడిచి మళ్లీ పరిగెత్తాను. మళ్లీ జారాను.

"తడి తడిగా ఉండే చేపల సంతనుకుందిరా, పాపం!" అని మెట్ల మీంచి ఎవరో అరిచారు.

రియామే అనే అమ్మాయివీ అవే బూట్లు, కుట్టు లేనివి. తను ఆగినప్పుడల్లా నేల కీచుమంది. నా కాళ్ల కింద చప్పుడే లేదు.

"బూట్లా?" అంది కోచ్ మేడమ్, నేను కాళ్లకేసి చూసుకోవడం గమనించి. "ఆ పిల్లవీ అవేగా."

దారం సంగతి చెప్పబోయాను. అంతలోనే వంగి లేసులు బిగించుకున్నాను. చోటు రియామేకి ఇచ్చారు.

తిరిగొచ్చేసరికి నాన్న కోర్టులో వడ్లు తిరగేస్తున్నాడు.

"ఏమైంది చిన్నీ?"

"ఇంకో అమ్మాయికి వచ్చింది."

ఆయన నా చేతిలోంచి బూటు తీసుకుని, అటూ ఇటూ వంచి, కుట్టు వెంట బొటనవేలు నడిపాడు.

"ఊడలేదుగా?"

"లేదు నాన్నా."

"చెప్పానా! పోనీలే, బూట్లైనా దక్కాయి."

అవి గట్టున పెట్టి, ఒట్టి కాళ్లతో వడ్లలోకి దిగాను.