కోపం పోగా మిగిలిన బరువు

లాండ్రీ ఓనరు పొద్దున్నే షట్టరు ఎత్తగానే బాయిలరు సంగతి తర్వాత, ముందు ఇస్త్రీ చేసే గుమ్మడి వాళ్ళమ్మ మొహం చూస్తాడు. ఆ మొహాన్ని బట్టి పని పంచుతాడు. మామూలుగా ఉంటే చొక్కాలూ దిండు గలీబులూ. కనుబొమలు ముడిపడి ఉంటే హోటలు వాళ్ళ మందపాటి బల్లగుడ్డలూ, ఆసుపత్రి తెరలూ ఆమె బల్ల మీదికి వచ్చి పడతాయి. కోపంలో ఆమె ఇస్త్రీపెట్టెని ఒక్కసారి అలా పోనిస్తే చాలు, గుడ్డ అట్టలా పడుంటుంది. పని పేరుకుపోయిన రోజున ఓనరు కావాలనే ఆమెని కదిపేవాడు.

"మీ బావగారు నిన్న కనిపించారమ్మా. బాగున్నారు," అనేవాడు అమాయకంగా.

మధ్యాహ్నానికల్లా తెరలన్నీ అయిపోయేవి.

ఆమెకి కోపం వస్తే, చెయ్యి వేసిన వస్తువు బరువెక్కుతుంది. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరికి ఎండలోకి రాగానే తుమ్ములొస్తాయి, ఈమెకి ఇది. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె విసురుగా మూసిన వంటింటి తలుపు సాయంత్రం దాకా ఎవరికీ లొంగక, అత్తగారు లోపలే ఉండిపోయి కిటికీలోంచి కాఫీ అందించింది. అప్పట్నించి ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది. ఆమె మొహం మారితే మొగుడు తన కళ్ళజోడూ ఫోనూ తీసి జేబులో పెట్టుకునేవాడు, అత్తగారు పొయ్యి మీది గిన్నె తనే దించేది. మనుషులకి ఏమీ అయ్యేది కాదు, వస్తువులకే. పిల్లని ఎత్తుకోవాల్సి వస్తే మాత్రం ముందు దాని గౌను విప్పేది.

పిల్ల పేరు ఏదైతేనేం, బుగ్గలు చూసి అందరూ గుమ్మడి అనే పిలిచేవారు. రెండేళ్ళు నిండాయి. గొడవంతా ఆ గుమ్మడి కారులో ఎటు తిరిగి కూర్చోవాలన్న దాని మీద వచ్చింది.

పిల్లల సీటు గుమ్మడి పుట్టినప్పుడు కొన్నదే. వెనక్కి తిప్పి బిగించొచ్చు, పెద్దయ్యాక ముందుకి తిప్పి బిగించొచ్చు. ఇన్నాళ్ళూ పిల్ల వెనక అద్దం కేసి చూస్తూ, వెళ్ళిపోతున్న రోడ్డుకి చెయ్యి ఊపుతూ తిరిగింది. ఆ ఆదివారం మొగుడి అన్నగారు భోజనానికొచ్చాడు. ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు. ఎదుటి మనిషి స్టీరింగ్ పట్టుకుంటే పక్కన కూర్చుని బ్రేకు తొక్కడం ఆయన పని. ఇంట్లోనూ అంతే.

"రెండేళ్ళ పిల్లని ఇంకా వెనక్కి తిప్పి కూర్చోబెట్టడమేంట్రా తమ్ముడూ? పిల్లకి రోడ్డు కనపడాలి. ఇరవై నాలుగ్గంటలూ సీటు గుడ్డ చూస్తూ ఉంటే బుర్ర ఎలా పెరుగుతుంది?"

"బుర్ర బాగానే పెరిగింది బావగారూ. మెడే ఇంకా పెరగలేదు. అందుకే వెనక్కి," అంది గుమ్మడి వాళ్ళమ్మ.

"ఎవరు చెప్పారు?"

"టీకాలేసే నర్సు. ఉన్నట్టుండి కారు ఆగితే ముందుకి తిరిగున్న పిల్ల ఒళ్ళు బెల్టు దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం విసురుగా ముందుకి పోతుంది. వెనక్కి తిరిగుంటే వీపూ మెడా తలా అన్నిటినీ సీటే పట్టుకుంటుంది. సీటుకి సరిపోయినంత కాలం అలాగే ఉంచమంది."

"నా పిల్లలిద్దరూ వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చునే పెరిగారు. ఏమైందట? అందరం బతికే ఉన్నాంగా."

"లేనివాళ్ళు వచ్చి చెప్పలేరు కదా బావగారూ."

బావగారు నోట్లో ముద్ద అలాగే ఉంచుకున్నాడు. అత్తగారు సర్దబోయింది.

"అది కాదమ్మాయ్. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటోంది పాపం. చూస్తుంటే నాకే నొప్పులొస్తున్నాయి."

"సోఫా మీదా అలాగే కూర్చుంటుంది అత్తయ్యా. ఇందాకట్నించీ మీ ఒళ్ళోనూ అలాగే కూర్చుంది."

ఆమె మొగుడి కేసి తిరిగింది. అతను కంచంలో ఏదో పారేసుకున్నట్టు వెతుకుతున్నాడు.

"మీరేమంటారు?"

"ఇద్దరూ చెప్పేదాంట్లోనూ నిజం ఉంది," అన్నాడతను.

ఒంటి మీద వేడినీళ్ళు పోసినా ఆమెకి అంత మంట పుట్టేది కాదు. బావగారి మాటలకి జవాబుంది, అత్తగారి మాటలకి జవాబుంది. ఈ మాటకి ఏం చెప్పాలి? పెళ్ళైన నాటినుంచీ అతను నడి గడప మీద నిలబడే మనిషి. లోపలికి రాడు, బయటికి పోడు. ఆమె చేతికింద మంచినీళ్ళ గ్లాసు బరువెక్కి బల్ల కిర్రుమంది. అత్తగారు పచ్చడి సీసా చప్పుడు కాకుండా అవతలికి జరిపింది.

ఆమె లేచి కిందికెళ్ళి, కారు వెనక తలుపు తీసి, సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ కలిసి లాగినా సీటు కదల్లేదు. కారు వెనకవైపు కుంగి, ముందు దీపాలు రోడ్డు మానేసి మేడల మీద ఆరేసిన బట్టలకి వెలుగు చూపించడం మొదలెట్టాయి.

అయితే కోపం ఒకసారి కాచి పెట్టుకుంటే పదిరోజులు ఉండే సరుకు కాదు. నిద్రపోతే కొంత, పిల్ల నవ్వితే కొంత తగ్గిపోతుంది. అందుకని ఆమె రోజూ పనికి వెళ్ళేముందు సీటు మీద చెయ్యి వేసి, మొగుడన్న ముక్కని మళ్ళీ మనసులో అనుకునేది. ఇద్దరూ చెప్పేదాంట్లోనూ నిజం ఉందట. వెంటనే సీటు కిందికి దిగేది. ఒళ్ళు మాత్రం హూనమైపోయేది. పిల్ల మెడ కోసం ప్రతి రోజూ కొత్తగా మండాలంటే మాటలా?

ఇంట్లో వాళ్ళకి ఆ సంగతి తెలుసు. బావగారు ఫోనులో తమ్ముడికి ఉపాయం చెప్పాడు. మర్నాటినుంచి మొగుడు అంట్లు తోమాడు. అత్తగారు ఆమె చీర రంగు బాగుందంది. బావగారు వచ్చి, "ఏమ్మా, ఈ ఇంట్లో నీ అంత తెలివైనవాళ్ళు లేరు," అన్నాడు. చిన్నప్పటినుంచీ ఆమెకి ఈ విద్య తెలుసు. పుట్టింట్లోనూ అంతే, ఆమె కోపం దింపడానికి బెల్లం ముక్క పెట్టినవాళ్ళున్నారు, కథ చెప్పినవాళ్ళున్నారు. ఎందుకొచ్చింది నీకు కోపం అని అడిగినవాళ్ళు లేరు. అన్నీ తెలిసి కూడా, అలిసిపోయి ఉందేమో, ఒక సాయంత్రం మొగుడు ఓనరు నడకని అనుకరిస్తుంటే ఆమె పకపకా నవ్వేసింది.

నవ్వుతూనే ఉంది, అతను చెత్త పారేసొస్తానని కిందికి దిగాడు. చెత్తబుట్ట మాత్రం వంటింట్లోనే ఉంది.

ఆమె వెళ్ళేసరికి బెల్టులన్నీ విప్పేసి ఉన్నాయి. సీటు అతని చేతుల్లో, సగం తిరిగి ఉంది.

"నవ్వించింది ఇందుకా?"

"అన్నయ్యే..." అన్నాడతను.

ఆమె కారు పైకప్పు మీద అరచెయ్యి పెట్టింది. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి, కింద తారు పళ్ళెంలా గుంట పడింది. కారు మర్నాడు కదల్లేదు, ఆ మర్నాడూ కదల్లేదు. మొగుడు బస్సెక్కి పనికెళ్ళాడు. అత్తగారు మోకాళ్ళ డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్ళొచ్చి, ఒక్కో కుదుపునీ విడివిడిగా వర్ణించి చెప్పింది.

చివరికి బావగారే రాజీకి వచ్చాడు. సీటు పక్కన అంటించిన కాగితం చూపించాడు. వెనక్కి తిప్పి వాడితే పదమూడు కిలోల వరకే అని ఉంది.

"నర్సు మాట, నా మాట పక్కన పెడదాం. తయారు చేసినవాడి మాట వింటావా?"

"వింటాను. అంతకి మించి బరువుంటే నేనే తిప్పుతాను. మించకపోతే మించేదాకా ఈ ఊసు ఎవరూ ఎత్తకూడదు."

"దాన్ని చూస్తే తెలియట్లా? పేరే గుమ్మడి," అని నవ్వాడాయన.

పిల్లని లాండ్రీకి తీసుకెళ్ళారు. అక్కడ మూటలు తూచే పెద్ద కాటా ఉంది, కింద ఇనప పలక, పైన గుండ్రటి ముఖం, అందులో ఎర్ర ముల్లు. ఓనరు పలక తుడిచి, ముల్లు సున్నా మీద ఉందని అందరికీ చూపించాడు. తర్వాత గుమ్మడి వాళ్ళమ్మ కేసి చూసి దగ్గాడు.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వు కాస్త దూరంగా..."

"నాకు తెలుసు," అని ఆమె చేతులు వెనక్కి కట్టుకుని గోడవారగా నిలబడింది. ఈ నాలుగు రోజులుగా ఆమె దేన్ని ముట్టుకున్నా అది మూలిగే స్థితిలో ఉంది.

అత్తగారు పిల్లని పలక మీద కూర్చోబెట్టింది. గుమ్మడి చేతిలో దండెం మీద బట్టలకి పెట్టే చెక్క క్లిప్పు ఉంది. దాన్ని తెరిచి మూస్తూ దాంతో ఏదో మాట్లాడుతోంది. ముల్లు పన్నెండు దాటి, పదమూడుకి కాస్త ఇవతల ఊగుతూ ఆగబోయింది.

"ఆగండాగండి. చేతిలో అదేంటి? దాంతో తూస్తే లెక్క తప్పుతుంది," అని బావగారు చటుక్కున పిల్ల చేతిలోంచి క్లిప్పు లాక్కున్నాడు.

గుమ్మడి ఏడవలేదు. ఖాళీ అయిన చేతిని చూసుకుంది. తర్వాత పెదనాన్న కేసి చూసింది. కనుబొమలు రెండూ మెల్లగా దగ్గరికొచ్చాయి.

ముల్లు పదమూడు దాటింది. పద్నాలుగు దాటింది.

"చూశారా," అన్నాడు బావగారు.

ముల్లు ఆగలేదు. పద్దెనిమిది దాటి ఇరవైకి వెళ్ళింది. కాటా లోపలి స్ప్రింగు సన్నగా కూసింది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓనరు కిందికి వంగి పలకనీ, పిల్ల మొహాన్నీ, గోడ దగ్గరున్న తల్లి మొహాన్నీ వరసగా చూశాడు. తల్లి చేతులు వెనకే ఉన్నాయి.

"ఈ పిల్లకీ వచ్చిందన్నమాట," అన్నాడు మెల్లగా, పిల్లకి పన్ను వచ్చిందన్నంత మామూలుగా.

గుమ్మడి వాళ్ళమ్మ పిల్ల మొహం చూసింది. తన కనుబొమలే, తన దవడే, అంత చిన్న మొహం మీద. అయ్యో, దీనికి కూడానా అనుకుంది. ఇక జీవితమంతా దీన్నీ చుట్టూ చేరి నవ్విస్తారు, బెల్లం పెడతారు, చీర రంగు బాగుందంటారు.

"బుజ్జగించమ్మాయ్," అంది అత్తగారు గుసగుసగా. "నువ్వు ఒక్క మాటంటే దిగుతుంది. గెలుపు నీదే."

"బుజ్జగించను అత్తయ్యా."

"పంతానికి పోయి పిల్ల సీటు పోగొట్టుకుంటావా?"

"దాని దగ్గర్నుంచి లాక్కున్నది దాని చేతిలో పెట్టమనండి. కోపం దించక్కర్లేదు, అదే దిగుతుంది. దిగకపోతే నేనే సీటు ముందుకి తిప్పుతాను."

"నేనా, రెండేళ్ళ పిల్లకి తలొంచాలా?" అన్నాడు బావగారు. క్లిప్పు ఉన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "ముల్లు చెప్పింది మీరందరూ చూశారు. బరువు బరువే. దానికి కోపమని ఒకటీ, ఒళ్ళని ఒకటీ ఉంటాయా?"

"ఇన్నేళ్ళూ నా విషయంలో ఉన్నాయిగా బావగారూ. నేను మండుతుంటే ఆ వంటింటి తలుపుని ఏనాడైనా కాటా వేసి, దీని బరువింతే అని ఒప్పుకున్నారా? కోపం పోయేదాకా ఆగి తలుపు తీశారు. దీని బరువూ కోపం పోయాకే చూడండి."

పలక ఇంకో వేలెడు దిగింది. ఓనరు, "బాబూ, కాటా..." అన్నాడు ఏడుపు గొంతుతో. గుమ్మడి కదల్లేదు. పెదనాన్న జేబు మీదే చూపు పెట్టుకుని, మూటల మధ్య ఇనప గుండులా కూర్చుంది.

అందరూ మొగుడి కేసి చూశారు, చూసి ఊరుకున్నారు. అతని దగ్గర్నుంచి ఏం వస్తుందో వాళ్ళకి తెలుసు. అతను పిల్ల మొహాన్ని చూశాడు. పెళ్ళాం మొహాన్ని చూశాడు. ఒకటే మొహం రెండు చోట్ల. ఇకమీదట జీవితమంతా అతని మీదికి ఆ చూపు రెండు వైపులనుంచీ రాబోతోంది. అదే అతన్ని గడప దాటించిందో, మరేమిటో.

"అన్నయ్యా, ఇచ్చెయ్," అన్నాడు.

"ఏంట్రా?"

"నువ్వు లాక్కున్నావు. ఇచ్చెయ్."

"నేను చెప్పిన మాట..."

"నువ్వు చెప్పేదాంట్లో నిజం లేదు అన్నయ్యా. ఆ రోజూ లేదు. నాకప్పుడే తెలుసు, చెప్పలేదు. సీటు తిప్పబోయింది కూడా నా తప్పే, నీది కాదు. క్లిప్పివ్వు."

బావగారి మొహం కందగడ్డలా అయింది. తమ్ముడు చెయ్యి చాపే ఉంచాడు, దించలేదు. కానీ చివరికి బావగారు క్లిప్పు ఆ చేతిలో పెట్టలేదు. ఏమనుకున్నాడో, తనే వంగి, పిల్ల ముందు మోకాలి మీద కూర్చుని చాచాడు. గుమ్మడి వెంటనే తీసుకోలేదు. ఆయన్ని కాసేపు అలాగే ఉంచింది. తర్వాత అందుకుని, తెరిచి, మూసి, మళ్ళీ దాంతో మాట్లాడ్డం మొదలెట్టింది.

ముల్లు వెనక్కి రాసాగింది. ఇరవై, పదిహేను, పదమూడు. గీత దాటి ఇవతలికొచ్చి, కాస్త ఊగి, క్లిప్పుతో కలిపి పన్నెండున్నర దగ్గర ఆగింది.

 బావగారు ప్యాంటు దులుపుకుని లేచి, తనకి క్లాసుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటిముందు కారు టైర్లు గుంటల్లోంచి పైకి లేచి ఉన్నాయి. మొగుడు సీటుని వెనక్కి తిప్పి పెట్టి, మోకాలితో అదిమి, ఆమె అడక్కుండానే బెల్టు లాగి బిగించి, ఊపి చూశాడు. పిల్లని కూర్చోబెట్టాడు. గుమ్మడి కాళ్ళు ముడుచుకుని, అద్దం కేసి చూస్తూ క్లిప్పుతో బెల్టుని కొరికించింది.

ఆమె అలవాటు కొద్దీ సీటు మీద చెయ్యి వేసింది. మొగుడన్న పాత మాట తలుచుకోబోయింది. పక్కనే నిలబడ్డ మనిషి మీద ఆ మాట అతకలేదు. బావగారి మీద మాత్రం ఇంకా బోలెడుంది, మిగతావాళ్ళ మీదా ఉంది. కానీ దాన్ని రోజూ ఈ సీటు మీద ఖర్చు పెట్టే పని తప్పింది.

చేతికింద సీటు తేలిగ్గా ఉంది. ఇప్పుడైతే ఎవరైనా తిప్పేయొచ్చు.

ఎవరూ తిప్పలేదు.