కుడి మూల సీటు

"క్రీమ్ రంగు అన్నానా, క్రీమ్ రంగే. ఇంకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు కొడుకు.

"మాసిపోతే ఉతికేదెవరు? మీరు చూసిన వీడియోలోవాడొచ్చి ఉతుకుతాడా?" అంది కోడలు.

మూడు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. కొత్త కారు కొనే తాహతు లేదు కనక పాత కారు లోపలంతా కొత్తగా చేద్దామని కొడుకు పట్టుదల. స్టీరింగుకి తొడుగు వేశాడు, కాళ్ళ దగ్గర సన్నటి లైట్లు అతికించాడు. వేలాడిపోయిన పైకప్పు గుడ్డని జిగురుతో తల్లే నిలబెట్టింది. ఇక మిగిలినవి సీట్లు.

"కుట్టుకూలి కూడా మిగులు. అమ్మ ఉందిగా" అన్నాడు వాడు.

ముప్ఫై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి ఆవిడ. కుట్టుపని మానేసిన ఈ రెండేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ ఏ పనీ అడగలేదు. మిషన్‌కి నూనె వేసింది. మోకాళ్ళ నొప్పి లెక్కచెయ్యకుండా సీట్ల మీదికి పాకి కొలతలు తీసింది, పాత పేపర్లు కత్తిరించి నమూనాలు చేసింది.

చివరికి కొడుకు మాటే నెగ్గింది. బట్ట తెచ్చి మంచం మీద పడేశాడు. దాంతోపాటు చిన్న చుట్ట ఒకటి. అదే క్రీమ్ రంగు, కానీ నీళ్ళు పీల్చని రెక్సిన్.

"ఇదెందుకురా?"

"వెనక కుడివైపుకి. తేడా తెలీకుండా కలిపి కుట్టెయ్. అంటే... పాప ఏదో ఒకటి ఒలకబోస్తుంటుంది కదా."

"నేను ఎడమవైపు కదా నాన్నా కూర్చునేది" అంది మనవరాలు హోంవర్కులోంచి తలెత్తకుండా. "కుడివైపు నానమ్మ."

కోడలు కడిగిన గ్లాసునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

రెండు నెలల కింద సంగతి. మోకాళ్ళకి వ్యాయామం చేయించుకుని ఆసుపత్రి నుంచి కారులో వస్తుంటే దారిలో బళ్ళన్నీ గంటసేపు ఇరుక్కుపోయాయి. పొద్దున వేసుకున్న బీపీ మాత్ర ఒంట్లో నీళ్ళని మూత్రంగా లాగేసే రకం. "ఎక్కడైనా ఆపరా" అని మూడుసార్లు అడిగింది. "ఇదిగో, దాటేస్తున్నాంగా అమ్మా" అన్నాడు మూడుసార్లూ. ఆ సాయంత్రం సీటు కడిగి, తలుపులు తెరిచి ఆరబెట్టాడు. పక్కింటాయన ఏమైందని అడిగితే "పాలు ఒలికాయండీ" అన్నాడు. కిటికీలోంచి వింది ఆవిడ. కొడుకు పరువు కాపాడాడనుకుంది అప్పుడు. ఎవరి పరువో ఇప్పుడు తెలిసింది.

"అత్తయ్యా, అది వదిలెయ్యండి. అన్నీ బట్టతోనే కుడదాం" అంది కోడలు, మొగుడి వంక చూడకుండా.

"తెచ్చాడుగా, కుడతాను."

బట్టయితే తప్పు కుట్టినా విప్పుకోవచ్చు. రెక్సిన్‌లో సూది దిగిందంటే ఆ చిల్లు పోదు. ఒక్క కుట్టు కూడా తప్పు పడనివ్వలేదు ఆవిడ. చుక్క నీరు దిగకుండా రెండు వరసలు కుట్టి, అతుకుల మీద జిగురు రాసింది. మొత్తం కారులో అంత శ్రద్ధగా కుట్టిన సీటు అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే తొడుగులు తొడిగారు. "అదిరిందమ్మా! షోరూం నుంచి దింపినట్టుంది" అంటూ కొడుకు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కోడలు పక్కన ఎక్కింది. మనవరాలు వెనక ఎడమవైపు చేరి లైట్లు వేసి ఆర్పుతోంది.

"ఎక్కమ్మా, ఒక రౌండు వేసొద్దాం."

ఆవిడ కుడివైపు తలుపు పట్టుకుని బయటే నిలబడింది. వేలికంటుకున్న జిగురు పెచ్చు గోటితో గీకుతోంది.

"మీరు వెళ్ళి రండి. రేపటినుంచి ఆసుపత్రికి కూడా నేను బస్సులోనే వెళ్తాను. తొమ్మిదింటికి ఉందట, కనుక్కున్నాను."

"ఇప్పుడేమైందమ్మా? కష్టపడి కుట్టావు. మరి ఈ సీటో?"

"రెక్సిన్‌రా అది, ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదు. ఉంచుకో, నీకు పనికొస్తుంది."

కోడలు తల దించుకుంది. మనవరాలు లైట్లు ఆర్పేసింది.

"కారు పెట్టుకుని బస్సెందుకమ్మా?" అన్నాడు కొడుకు, అద్దంలోంచి చూస్తూ.

"బస్సువాడు ప్రతి స్టాపులోనూ ఆపుతాడు" అని, తలుపు నెమ్మదిగా వేసింది.